మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్‌కి హోమ్ అసిస్టెంట్, ఎంహాస్ పెట్టుకోవడం: ముందు కొలత, తర్వాతే ప్లాను

ప్రశ్న క్లుప్తంగా ఇది: కడపలో సొంతిల్లు. మిద్దె మీద 540 వాట్ల ప్యానెళ్లు 6, 3 కిలోవాట్ల ఆన్-గ్రిడ్ ఇన్వర్టరు, నెట్ మీటరు ఉన్నాయి, బ్యాటరీ లేదు. ఇంట్లో 1 హెచ్‌పీ బోరు మోటరు, 15 లీటర్ల గీజరు, ఒక ఏసీ. హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని పరికరాలను ఒకేచోట చూసి నడిపేది), ఎంహాస్ (ఏ లోడు ఎప్పుడు నడపాలో రోజు ప్లాను వేసేది) లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంటే ఎండ ఉన్నప్పుడే మోటరు, గీజరు నడిచి బిల్లు తగ్గుతుందని విన్నారు. కోడింగ్ రాదు. ఏం కొనాలి, ఏ వరుసలో నేర్చుకోవాలి, ఎంత మిగులుతుంది అని అడిగారు.

కోడింగ్ రాకపోయినా నేర్చుకోవచ్చు. రోజుకో గంట కూర్చుంటే నెలలో మీ చేతికి వస్తుంది. బిల్లు సంగతి మాత్రం ముందే చెప్పాలి. మీకున్న నెట్ మీటరుతో, పగలూ రాత్రీ ఒకటే రేటు ఉన్నంతకాలం, మోటరును సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మార్చినంత మాత్రాన బిల్లు దాదాపు తగ్గదు. నెలలో మీరు తీసుకున్న యూనిట్లలోంచి మీరు పంపిన యూనిట్లు తీసేసి, మిగిలినవాటికే స్లాబు రేటు వేస్తారు. మధ్యాహ్నం పంపిన యూనిట్ రాత్రి వాడిన యూనిట్‌కి చెల్లు. మోటరు ఎప్పుడు తిప్పినా తేడా సున్నా.

మరి ఇదంతా ఎందుకు అంటే, లాభం వచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. నెట్ మీటరు ఇంకా బిగించనివాళ్లకి, ఎక్స్‌పోర్ట్ (మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కి, అంటే బయటి లైనుకి పంపడం) ఆపేసి పెట్టినవాళ్లకి పగలు వాడని ప్రతి యూనిట్ వృథానే. ఏపీ గృహ స్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య 6 రూపాయలు, 226 నుంచి 400 మధ్య 8.75 రూపాయలు (మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి). అంటే పై స్లాబులో తగ్గించిన 15 యూనిట్లకి 131 రూపాయలు మిగులుతాయి. హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకి కరెంటు పోయే వేళకి ఎంత ఛార్జి దాచిపెట్టాలన్నది సాఫ్ట్‌వేరు బాగా చూసుకుంటుంది. ఇక గంటల వారీ రేట్లు. 2023లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, పగటి సోలార్ గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని పెట్టింది. స్మార్ట్ మీటరు వచ్చి మీ బిల్లులో ఆ పద్ధతి మొదలైన రోజు ఇవాళ నేర్చుకున్నదంతా అక్కరకొస్తుంది.

నెట్ మీటరు ఉన్నా లాభం ఇచ్చే సందర్భం ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా లైను చివర ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం అందరి సోలారూ ఒకేసారి పంపితే వోల్టేజీ పెరుగుతుంది. 253 దాటితే, అంటే 230 మీద 10 శాతం దాటితే, చాలా ఇన్వర్టర్లు ఉత్పత్తి తగ్గించేస్తాయి, లేదా ఆగి మళ్లీ మొదలవుతాయి. ఆ సమయానికి మీ మోటరో ఏసీయో నడుస్తుంటే బయటికి వెళ్లే కరెంటు తగ్గి, వోల్టేజీ కొంత దిగుతుంది, ఇన్వర్టరు నిలబడుతుంది. మీ ఇంట్లో ఇది ఉందో లేదో ఊహించక్కర్లేదు. ఇన్వర్టరు యాప్‌లో ఏప్రిల్, మే నెలల 11 నుంచి 2 గంటల గ్రాఫు తీసి చూడండి. గుండ్రటి కొండలా రావాల్సిన గీత రంపపు పళ్లలా ఉంటే మీ సమస్య అదే.

కొనాల్సినవి

మొదటిది హోమ్ అసిస్టెంట్ నడిచే పెట్టె: రాస్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటరు (4 జీబీ), లేదంటే 8 జీబీ ర్యామ్ ఉన్న పాత మినీ పీసీ. మెమరీ కార్డు మీద నడపొద్దు. హోమ్ అసిస్టెంట్ రోజంతా డేటాబేస్‌లో రాస్తూనే ఉంటుంది, కరెంటు పోయినప్పుడల్లా కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది. చిన్న ఎస్ఎస్‌డీ వేసుకోండి. ఇంట్లో కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఇన్వర్టరు (సోలార్‌ది కాదు) ఉంటే, పెట్టెనీ రూటరునీ దాని లైనులో పెట్టండి. మీటరు బోర్డు పక్కన, పడమటి గోడకి బిగించారంటే మే నెలలో రాస్‌బెరీ పై వేడి 80 డిగ్రీలు దాటి వేగం తగ్గించేసుకుంటుంది, ఇంటి లోపలే ఉంచండి. పెట్టె 10 వాట్లు తింటే నెలకి 7 యూనిట్లు దానికే పోతాయి, అదీ లెక్కలో వేసుకోండి.

రెండోది కొలిచే మీటరు. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పీజెమ్-004టీ మాడ్యూలు మంచిదే కానీ, అది కరెంటు ఏ వైపు పోతోందో చెప్పదు. మీరు 1500 వాట్లు పంపినా 1500 అంటుంది, తీసుకున్నా 1500 అంటుంది. మెయిన్ లైనుకి అది పనికిరాదు, మోటరు ఒక్కదాన్ని కొలవడానికి బాగుంటుంది. మెయిన్ లైనుకి ఈస్ట్రాన్ ఎస్‌డీఎం120 మోడ్‌బస్ లాంటి రెండు దిక్కుల మీటరు కావాలి (మోడ్‌బస్ అంటే మీటరు తన రీడింగులను కంప్యూటరుకి ఇచ్చే పద్ధతి). 45 ఆంపియర్ల వరకు నేరుగా తీసుకుంటుంది, మీ సింగిల్ ఫేజుకి చాలు. త్రీ ఫేజు ఇల్లయితే ఎస్‌డీఎం630.

మూడోది, ఆ మీటరు నుంచి పెట్టెకి ఆర్ఎస్485 యూఎస్‌బీ అడాప్టరు. తీగకి లాన్ కేబుల్‌లోని ఒక జత చాలు.

మోటరుకి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు), ఒక రిలే, 25 ఆంపియర్ల కాంటాక్టరు (రిలేతో నడిచే పెద్ద స్విచ్చు), ఒక పీజెమ్. 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుతో సబ్‌మర్సిబుల్ మోటరు నడపొద్దు. స్టార్టింగులో మామూలు కరెంటుకి 5, 6 రెట్లు లాగుతుంది, ప్లగ్గులోని చిన్న రిలే పాయింట్లు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఫోన్లో ఆఫ్ నొక్కినా మోటరు ఆగదు.

మీటరు ఎక్కడ బిగించాలి

డిపార్ట్‌మెంటు మీటరు, దాని సీలు జోలికి పోవద్దు. దాని తర్వాత మీ వైపు తీగలోనే, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, మెయిన్ ఆపించి చేయించండి. ఒక్క విషయం మీరే దగ్గరుండి చూడాలి. చాలా ఇళ్లలో సోలార్ తీగ నేరుగా నెట్ మీటరు దగ్గరే కలుస్తుంది, ఇంటి డీబీ (ఎంసీబీలు ఉండే డిస్ట్రిబ్యూషన్ బాక్సు) దాని తర్వాత ఉంటుంది. మీ కొత్త మీటరు ఇంటి డీబీలో పెడితే అది ఇంటి వాడకం మాత్రమే చూపిస్తుంది, ఎక్స్‌పోర్ట్ కనపడదు. నెట్ మీటరుకీ, సోలార్ కలిసే చోటుకీ మధ్యలో పెడితేనే ఇచ్చిపుచ్చుకోలు రెండూ తెలుస్తాయి. కింద చెప్పే పరీక్షలు, లెక్కలు ఇలా మధ్యలో పెట్టిన మీటరుకే. ఎక్కడ పెట్టారో తెలియకపోతే తర్వాత లెక్కంతా తలకిందులవుతుంది.

ఎస్‌డీఎం120 ఫ్యాక్టరీ నుంచి అడ్రస్ 1, బాడ్ రేటు (డేటా పంపే వేగం) 2400తో వస్తుంది. హోమ్ అసిస్టెంట్ మోడ్‌బస్ సెట్టింగులో ఇన్‌పుట్ రిజిస్టరు (మీటరు లోపల రీడింగు ఉండే గడి) 12లో వాట్లు, 72లో ఇంపోర్ట్ (లైను నుంచి తీసుకున్న) యూనిట్లు, 74లో ఎక్స్‌పోర్ట్ యూనిట్లు ఉంటాయి. డేటా టైపు ఫ్లోట్32. "హోల్డింగ్" అని పెట్టారంటే తప్పు విలువో, ఎర్రరో వస్తుంది, "ఇన్‌పుట్" అనే పెట్టాలి. అసలు రీడింగే రాకపోతే ఏ, బీ తీగలు అటూ ఇటూ మార్చి చూడండి, ఏమీ కాలదు.

తర్వాత పరీక్ష. రాత్రి ఇంట్లో అన్నీ ఆపేసి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టండి. వోల్టేజీని బట్టి 900 నుంచి 1050 మధ్య చూపించాలి. 0.98 అని చూపిస్తే కిలోవాట్లలో ఉందన్నమాట. ఎంహాస్‌కి వాట్లే కావాలి, 1000తో గుణించే టెంప్లేట్ (హోమ్ అసిస్టెంట్‌లో ఒక రీడింగు నుంచి ఇంకొకటి లెక్కగట్టే సూత్రం) పెట్టండి. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకి ఇంట్లో అన్నీ ఆపి చూడండి. గ్రిడ్ రీడింగు మైనస్‌లో ఉండాలి. ప్లస్‌లో ఉంటే మీటరు తలకిందులుగా బిగించారు. తీగలు సరిచేయించండి, లేదా టెంప్లేట్‌లో గుర్తు మార్చండి. ఈ రెండు పరీక్షలు అయ్యేదాకా ఎంహాస్ జోలికి పోవద్దు. "ప్లాను పిచ్చిపిచ్చిగా వస్తోంది" అని వచ్చే ప్రశ్నల్లో నేను చూసినవాటిలో ఎక్కువ వాటికి కారణం గుర్తు తిరగబడటమో, కిలోవాట్లు వాట్లుగా పడటమో.

సోలార్ ఉత్పత్తి ఇన్వర్టరు నుంచి వస్తుంది. ఇన్వర్టరుకి తగిలించిన వైఫై స్టిక్ సోలార్‌మ్యాన్ కంపెనీ రకానిదైతే చాలావాటిలో లోకల్‌గా 8899 పోర్టు ద్వారా నేరుగా చదవొచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు. రూటరులో ఆ స్టిక్కుకి ఐపీ అడ్రస్ స్థిరంగా కేటాయించండి, లేకపోతే రూటరు ఆగి మొదలైన ప్రతిసారీ డేటా ఆగిపోతుంది. వేరే కంపెనీ స్టిక్కయి, క్లౌడ్ ద్వారా 5 నిమిషాలకోసారి వచ్చినా మొదట్లో సరిపోతుంది. అలాంటప్పుడు ఒక చిక్కు ఉంది. మీటరు 5 సెకన్లకోసారి, ఇన్వర్టరు 5 నిమిషాలకోసారి వస్తే, మబ్బు విడిపోయిన నిమిషంలో ఇంటి వాడకం (సోలార్‌కి గ్రిడ్ రీడింగు కలిపితే వచ్చేది) మైనస్‌లోకి పోతుంది. రెండింటికీ 5 నిమిషాల సగటు తీసి, వచ్చిన ఇంటి వాడకం సున్నా కంటే తగ్గకుండా హద్దు పెట్టండి.

నేర్చుకునే వరుస

మొదటి వారం హోమ్ అసిస్టెంట్ ఇన్‌స్టాల్ చేసి, టైమ్ జోన్, ఇంటి చోటు సరిగ్గా పెట్టడం. కడప అయితే సుమారు 14.47 ఉత్తరం, 78.82 తూర్పు. అనంతపురం 14.68, 77.60. కర్నూలు 15.83, 78.04. ఎనర్జీ డ్యాష్‌బోర్డులో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, సోలార్ మూడూ కనపడాలి. సెట్టింగులు రాసే యామల్ ఫైల్లో ఖాళీలు రెండు రెండుగా ఎందుకు పెట్టాలో, ఎంటిటీ (ఒక్కో రీడింగుకో, స్విచ్చుకో హోమ్ అసిస్టెంట్ పెట్టుకునే గుర్తు) పేరంటే ఏమిటో ఈ వారంలోనే వస్తుంది. మీకు కావాల్సిన "కోడింగ్" అంతే.

రెండో వారం ఏమీ మార్చకండి, చూడండి. ఈ ప్రాంతంలో 1 కిలోవాట్‌కి సగటున రోజుకి 4 యూనిట్లు అనుకుంటారు, మీకు 12 దాకా రావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకి వెళ్తే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున, 25 మీద 40 డిగ్రీలకి 14 శాతం తగ్గుతుంది. మే నెలలో 3.2 కిలోవాట్ల ప్యానెళ్లు 2.6 దగ్గర ఆగాయని కంగారు పడకండి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిష్ యూనిట్లకి దగ్గరున్న ఇళ్లలో దుమ్ము వేరే కథ. అక్కడ కడిగిన రోజు, కడిగాక 10వ రోజు ఒకే గంట ఉత్పత్తి పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్నాళ్లకోసారి కడగాలో లెక్క దొరుకుతుంది. ఎండెక్కకముందే కడగండి. ఉప్పునీటి బోరు అయితే నీళ్లు ఆరేలోపు తుడవాలి, లేకపోతే తెల్లమచ్చలు పడతాయి.

మూడో వారం మోటరు. ఇక్కడ ఎంహాస్ అవసరం లేదు. "ఎక్స్‌పోర్ట్ 1300 వాట్లు దాటి 10 నిమిషాలు నిలబడితే, ట్యాంకు నిండి లేకపోతే, మోటరు ఆన్" అనే ఒక్క ఆటోమేషన్ చాలు. మీరు ఇక్కడితో ఆగిపోయినా తప్పులేదు. బ్యాటరీ లేని, ఒకే రేటు ఉన్న ఇంటికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

కానీ మోటరు భద్రత ఆటోమేషన్ చేతిలో పెట్టొద్దు. అనంతపురం, కడప బోర్లు నడుస్తుండగానే నీళ్లు వదిలేస్తాయి. ఎండిన బోరులో మోటరు తిరిగితే కాలిపోతుంది. నీళ్లున్నప్పుడు మీ మోటరు ఎన్ని వాట్లు తీసుకుంటుందో 5 రోజులు పీజెమ్‌తో చూడండి. 1 హెచ్‌పీ అంటే బయటికొచ్చే శక్తి 746 వాట్లు, తీసుకునేది 1000 నుంచి 1100 దాకా ఉంటుంది. మామూలు విలువలో 70 శాతం కంటే 20 సెకన్లు తగ్గితే ఆపేయాలి, గంటదాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. ఈ నియమం ఈఎస్‌పీ32 లోపలే, దాన్ని నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేరులో రాయండి. హోమ్ అసిస్టెంట్‌లో రాస్తే వైఫై పోయిన రోజు ఆపేవాళ్లు ఉండరు. గరిష్ఠంగా 75 నిమిషాలు దాటితే ఆగిపోవాలన్నదీ, కరెంటు పోయి వచ్చాక రిలే ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలన్నదీ అక్కడే పెట్టాలి. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చు కాంటాక్టరు కాయిల్ తీగలోనే సిరీస్‌గా పడాలి. ఇవన్నీ పెట్టాక, వైఫై రూటరు ఆపి, మోటరు నడుస్తుండగా ఫ్లోట్ చేత్తో ఎత్తి చూడండి. ఆగాలి.

గీజరు గురించి. యూరప్ వీడియోల్లో మధ్యాహ్నం సోలార్‌తో నీళ్లు కాచుకోవడం చూసి మనవాళ్లూ అదే చేయబోతారు. అక్కడివి 200 లీటర్ల ట్యాంకులు. మన 15 లీటర్ల గీజరులో 25 నుంచి 55 డిగ్రీలకి కాచడానికి పట్టేది అర యూనిట్ పైచిలుకు. మధ్యాహ్నం 2కి కాచి మర్నాడు పొద్దున 6కి వాడేసరికి అందులో చెప్పుకోదగ్గ వేడి పోయి ఉంటుంది, మళ్లీ కాచాలి. గీజరును ఈ లెక్కలోంచి తీసేయండి. ఏసీ మనుషులున్నప్పుడు కావాలి, దాన్నీ జరపలేం. జరపదగ్గవి మోటరు, వాషింగ్ మెషీను, పగలు ఇంటి దగ్గరుంటే ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జరు.

నాలుగో వారం ఎంహాస్

దీన్ని యాడ్-ఆన్‌గా చేర్చుకోవచ్చు, 5000 పోర్టులో దాని పేజీ తెరుచుకుంటుంది. వాతావరణ అంచనా, మీ ఇంటి పాత వాడకం, రేట్లు తీసుకుని లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణిత పద్ధతితో ఖర్చు తక్కువయ్యే రోజు ప్లాను వేస్తుంది. అది ఏ స్విచ్చూ వేయదు. ప్లానును సెన్సర్లుగా బయటపెడుతుంది, అంతే. "పీ డిఫరబుల్ 0" (వేరే వేళకి జరపగల మొదటి లోడు) అనే సెన్సరు సున్నా కంటే ఎక్కువైతే మోటరు ఆన్ చేయాలన్న ఆటోమేషన్ మీరే రాయాలి.

దానికి రెండు సెన్సర్లు ఇవ్వాలి: సోలార్ వాట్లు, జరపగల లోడ్లు తీసేసిన ఇంటి వాట్లు. రెండోది చాలామంది తప్పు ఇస్తారు. సోలార్ 2400, గ్రిడ్ మైనస్ 200 అయితే ఇల్లు 2200 వాడుతోంది. అందులో మోటరు 1100 తీసేస్తే మిగిలిన 1100 ఇవ్వాలి. మొత్తం 2200 ఇస్తే, రేపు కూడా ఆ గంటలో మోటరు ఎలాగూ ఉంటుందనుకుని, దాని మీద ఇంకో మోటరు లెక్కేస్తుంది. కనీసం 2 రోజుల పూర్తి డేటా లేకుండా మొదలుపెడితే ఎర్రరు వస్తుంది.

సెట్టింగుల్లో వంపు 15 డిగ్రీలు (మీ స్టాండు కొలిచి వేయండి), దిక్కు దక్షిణం అయితే 180, ఒక స్ట్రింగు (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు), 6 ప్యానెళ్లు. సోలార్ అంచనా ఇచ్చే ఫోర్‌కాస్ట్ డాట్ సోలార్ సేవ నుంచి నేరుగా డేటా తెచ్చుకున్నప్పుడు మాత్రం దక్షిణం అంటే 0, అక్కడ 180 వేస్తే ఉత్తరానికి తిప్పినట్టు. వాతావరణ అంచనాకి ఓపెన్-మీటియో అనే సేవ చాలు, ఖాతా అక్కర్లేదు. మీ ప్యానెల్ మోడలు జాబితాలో లేకపోతే వాట్లు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి.

మోటరుకి: లోడు సంఖ్య 1, వాట్లు 1100, గంటలు 1, "సెమీ కంటిన్యుయస్" ఆన్, "సింగిల్ కాన్‌స్టంట్" ఆన్. మొదటిది లేకపోతే మోటరును 300 వాట్ల దగ్గర నడపమంటుంది, అది జరిగే పని కాదు. రెండోది లేకపోతే అరగంట ఇప్పుడు, అరగంట తర్వాత అంటూ స్టార్టులు పెంచుతుంది. సమయ హద్దులు గడియారం గంటల్లో కాకుండా అడుగుల్లో, అంటే లెక్క నడిపిన వేళ నుంచి ఎన్నో అరగంట అన్న అంకెల్లో ఉంటాయి. అరగంట అడుగుతో పొద్దున 5:30కి లెక్క నడిపితే 9:30 అంటే 8, 15:30 అంటే 20. అదే సెట్టింగుతో 11 గంటలకి చేత్తో నడిపారంటే హద్దులు మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9కి జరిగిపోతాయి.

ఇప్పుడు రేట్లు. ఎంహాస్‌లో మొదటే ఉండే పీక్ గంటలు (రేటు ఎక్కువుండే వేళలు) 02:54 నుంచి 15:24, 17:24 నుంచి 20:24. అవి ఫ్రాన్స్ పద్ధతివి, యూనిట్ రేటు కూడా యూరోల్లోదే. అలాగే వదిలేస్తే కడపలో కూర్చుని ఫ్రాన్స్ బిల్లు తగ్గించే ప్లాను వస్తుంది. మీకు ఒకే రేటు కాబట్టి పీక్, ఆఫ్-పీక్ రెండింటిలోనూ 6 వేయండి. అమ్మే రేటు కూడా 6 వేస్తే, నెట్ మీటరు లెక్కన అదే నిజం, కానీ అప్పుడు ఏ గంటలో మోటరు తిప్పినా ఖర్చు సమానం, కాబట్టి ప్లాను ఒకరోజు 10కి, ఒకరోజు 3కి వస్తుంది. అది తప్పు చేస్తున్నట్టు కాదు, ఎంచుకోవడానికి కారణం లేదంతే. అమ్మే రేటు 5.5 వేయండి, సోలార్ ఎక్కువున్న గంటలకి మొగ్గుతుంది.

కరెంటు కోతలు ఉన్న రోజుల సంగతి. ఆన్-గ్రిడ్ ఇన్వర్టరు కరెంటు పోగానే ఆగిపోతుంది, లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం పెట్టిన రక్షణ అది. కోత ఉన్నంతసేపూ సోలార్ సున్నా, ఇంటి వాడకం రీడింగూ సున్నా. వాడకం అంచనాకి "నైవ్" పద్ధతి పెట్టుకుంటే నిన్నటి సున్నాలనే రేపటి అంచనాగా తీసుకుంటుంది. కోత మర్నాడు ప్లాను వింతగా ఉంటే కారణం అదే, ఒక రోజు ఆగితే సర్దుకుంటుంది.

ఎక్కడైనా పాత గైడులో "వార్ పీవీ", "వార్ లోడ్" అన్న పేర్లు కనపడి మీ పేజీలో లేకపోతే కంగారు పడకండి. ఇప్పుడవి "సెన్సర్ పవర్ ఫోటోవోల్టాయిక్స్", "సెన్సర్ పవర్ లోడ్ నో వార్ లోడ్స్" అయ్యాయి. వాలంటీర్లు నడిపే సాఫ్ట్‌వేరులో పేర్లు ఇలా మారుతుంటాయి. అప్‌డేట్ నొక్కే ముందు బ్యాకప్ తీసి, ఆ వెర్షన్ మార్పుల పేజీ చదవండి. అప్‌డేట్ అయిన రోజు ప్లాను చూసి, మోటరు ఆటోమేషన్ ఆ ఒక్క రోజుకి ఆపి ఉంచండి.

మీ ఇన్వర్టరు మోడలు, వైఫై స్టిక్ రకం, సోలార్ తీగ ఏ చోట కలుస్తుందో ఇక్కడే రాయండి. మీటరు ఏ చోట పెట్టాలో, టెంప్లేట్‌లో గుర్తులు ఎలా ఉండాలో దాన్నిబట్టి రాసిస్తాను.